బొమ్మకు మాట తోడు

కురుక్షేత్రంలో ఉభయసేనలు మోహరించిన వేళ వ్యాసమహర్షి ధృతరాష్ట్రునికి దివ్యదృష్టిని ప్రసాదించదలచాడు. బంధువుల వధను కన్నులారా చూడలేనని ఆ వృద్ధరాజు నిరాకరించాడు. అప్పుడు ఆ దృష్టి సంజయునికి లభించింది. సంజయుడు చూశాడు, చూసినదానిని చెప్పాడు. ఏ రథం ఎవరిదో, ఏ వీరుడు ఎవరిని ఎదిరించాడో, ఎవరు నేలకొరిగారో పేరు పేరునా తెలిపాడు. అంధుడైన రాజు ఆ మాటల ద్వారానే మహాసంగ్రామాన్ని గ్రహించాడు. అట్లు చెప్పక "అదిగో, అక్కడ చూడు" అని సంజయుడు ఊరకున్నట్లయితే ధృతరాష్ట్రునికి ఏమి తెలిసేది?

ఈ ప్రశ్న పురాణకాలానికే పరిమితమైనది కాదు. నేడు విజ్ఞానం, ఉద్యోగ ప్రకటనలు, పరీక్షా ఫలితాలు, ప్రభుత్వ పథకాలు వెబ్‌సైట్లలో లభిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో దృష్టిలోపం గలవారు యాభై లక్షలకు పైగా ఉన్నారు. వారికి కంప్యూటరు తెరపైని అక్షరాలను చదివి వినిపించే సాధనం స్క్రీన్ రీడర్. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో ప్రారంభించిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా లభిస్తున్నది. తెలుగు పాఠాన్ని సైతం చదివి వినిపించే సదుపాయం దానిలో ఉన్నది. మొబైల్ ఫోన్లలోనూ ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. కనుక సాధనం కొరవడలేదు. కొరవడినది సంజయుని వంటి వివేకం.

స్క్రీన్ రీడర్ అక్షరాన్ని చదువుతుంది. బొమ్మ ఎదురైనప్పుడు, ఆ బొమ్మ వెనుక పుటను రూపొందించినవారు చేర్చిన వివరణ వాక్యాన్ని చదువుతుంది. దీనినే ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఇది తెరపై సాధారణంగా కనిపించదు. ఆ వాక్యం లేనిచోట 'చిత్రం' అని మాత్రమే పలుకుతుంది. లేదా అర్థంలేని అంకెలతో కూడిన ఫైలు పేరును వల్లిస్తుంది. లింకుల విషయమూ ఇంతే. అంధులైన పాఠకులు పుటలోని లింకులను మాత్రమే ఒక జాబితాగా వినే వీలు ఉన్నది. ఆ జాబితాలో 'ఇక్కడ నొక్కండి' అనే మాటే పదిసార్లు వినిపిస్తే ఏది ఎక్కడికి తీసుకొనిపోతుందో వారెట్లు గ్రహించగలరు? 'డిగ్రీ ప్రవేశ దరఖాస్తు', 'రుసుము వివరాలు' అని వ్రాసినట్లయితే ఆ చిక్కే ఉండదు.

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ ప్రాంతాన గల సిర్గాపూర్ 2016లో మండల కేంద్రమయింది. హైదరాబాదు ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. అదే సంవత్సరం నుండి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. ఇటువంటి పల్లెలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన, చూపులేని ఒక విద్యార్థినిని ఊహించవచ్చు. కళాశాలల సమాచారం వెదకడానికి ఆమె ఫోను చేతబట్టింది. ఒకచోట ప్రవేశ ప్రకటనను కాగితం మీద ముద్రించి, ఫొటో తీసి ఉంచారు. చూపుగలవారికి అందులో తేదీలు, అర్హతలు, రుసుములు కనిపిస్తాయి. ఆమెకు మాత్రం 'చిత్రం' అన్న ఒక్క మాట వినిపిస్తుంది. చదివి చెప్పే మనిషి దొరికేలోగా గడువు దాటిపోవచ్చు. ఆమె కోల్పోయేది ఒక బొమ్మను కాదు, ఒక విద్యాసంవత్సరాన్ని. పట్టణంలో అడిగి తెలుసుకొనడానికి పదిమంది ఉంటారు. పల్లెలో ఆ అవకాశం తక్కువ. దూరాన్ని జయించడానికి పుట్టిన సాధనం దూరాన ఉన్నవారికే అక్కరకు రాకపోవడం కంటె విపరీతం మరొకటి లేదు.

మాట తోడైనప్పుడు ఎంతటి ఫలితం కలుగుతుందో చెప్పడానికి శ్రీకాంత్ బొల్లా జీవితమే తార్కాణం. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టంధుడుగా జన్మించిన ఆయనకు ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి మొదట అనుమతి లభించలేదు. న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఆ హక్కును సాధించారు. పాఠాలను ధ్వనిరూపంలో విని అభ్యసించి, తొంభై ఎనిమిది శాతం మార్కులు పొందారు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి, ఎందరో దివ్యాంగులకు ఉపాధి కల్పించారు. ప్రతిభ ఆయనదే, దానికి దారి చూపినది వినిపించిన మాట.

ఇట్లు వివరణ చేర్చడం కేవలం దయాగుణమని భావించరాదు. అది చట్టబద్ధమైన బాధ్యత. 1999లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రకటించిన మార్గదర్శకాలలో మొట్టమొదటి సూత్రం ఇదే. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సమాచారం వారికి అందుబాటులో ఉండే రూపంలో లభించాలని నిర్దేశించింది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం సమర్పించిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, ఇటువంటి ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు కావాలని స్పష్టం చేసింది. 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ సేవలను పొందగలగడం జీవించే హక్కులో భాగమని ప్రకటించింది.

అయితే నియమం ఉన్నంత మాత్రాన మంచి వివరణ పుట్టదు. దానికి కావలసినది భాషాజ్ఞానం, ఔచిత్యం. మన ఆలంకారికులు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నారు. అది ఇక్కడా వర్తిస్తుంది. పత్తికాయ బొమ్మ ఒకటి ఉన్నదనుకుంటే, వ్యవసాయ సలహాల పుటలో 'గులాబీ రంగు పురుగు తొలిచిన పత్తికాయ. లోపలి దూది రంగు మారింది' అని వ్రాయాలి. చిత్రలేఖనం నేర్పే పుటలో అదే బొమ్మ ఉంటే వెలుగునీడలను, ఆకృతిని చెప్పాలి. పుట అంచున అలంకారానికి వేసిన తీగకు వర్ణన అక్కరలేదు; దానిని స్క్రీన్ రీడర్ దాటిపోయేటట్లు చేయడమే మేలు. ప్రబంధంలో వర్ణన విస్తరిస్తే శోభ. ఇక్కడ ఒకటి రెండు వాక్యాలకు మించితే వినేవారికి భారం.

ఇది అదనపు శ్రమ అని కొందరంటారు. ఒక వాక్యం వ్రాయడానికి పట్టే కాలం ఒక నిమిషం. అది లేనందువల్ల వినేవారు పడే ప్రయాస అపారం. కృత్రిమ మేధ బొమ్మలను చూసి వివరిస్తున్నదిగదా, మనుష్యులు వ్రాయడమెందుకని మరికొందరు ప్రశ్నిస్తారు. యంత్రం బొమ్మలో ఉన్నదానిని చాలావరకు చెప్పగలదు, ఒక్కొక్కసారి పొరబడగలదు. కాని ఆ బొమ్మను అక్కడ ఎందుకు ఉంచారో పూర్తిగా ఎరిగినది దానిని ఉంచినవారే. కావున ఆ మాట వారి నుండే రావాలి. పైగా ఈ మాట చూపుగలవారికీ ఉపకరిస్తుంది. సిగ్నలు సరిగా అందని ఊళ్లలో బొమ్మ తెరుచుకోనప్పుడు దాని స్థానంలో కనిపించేది ఆ వాక్యమే.

వ్యాసరచన, లేఖారచన నేర్చే విద్యార్థులు బొమ్మను ఒక్క వాక్యంలో చెప్పడం కూడా భాషాభ్యాసంలో భాగంగా నేర్వడం అవసరం. రేపు వారిలో కొందరు కళాశాల వెబ్‌సైటును తీర్చిదిద్దుతారు. కొందరు గ్రామపంచాయతీ ప్రకటనలను ఉంచుతారు. చాలామంది మిత్రులకు ఫొటోలు పంపుతారు. పంపే ముందు "దీనిని చూడలేనివారికి ఏమి అందుతుంది?" అని ఒక్కసారి ఆలోచిస్తే చాలు. సంజయునికి చూపు లభించినది తాను చూసి ఆనందించడానికి కాదు, చూడలేనివానికి చెప్పడానికి. చూపుగలవారందరికీ ఆ బాధ్యత ఉన్నది.