కాన్పుకి కాదు, క్రికెట్‌కి

మన డయాస్పోరా కథల్లో అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి రెండే ఉద్యోగాలు. ఒకటి, మనవణ్ణి ఎత్తుకోవడం. రెండు, కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తూ ఊరిని తలుచుకుని కళ్లు తుడుచుకోవడం. మూడో పని చేసిన పెద్దాయన గానీ, పెద్దావిడ గానీ నాకింతవరకూ తగల్లేదు. నేను పరిశోధకుణ్ణి కాను. పగలు కోడ్ రాసుకుని రాత్రిళ్లు కథలు చదువుకునేవాణ్ణి, చదవనివి చాలానే ఉంటాయి. అయినా పదేళ్ల పైనుంచీ వెబ్ పత్రికల్లో, సంకలనాల్లో కనబడ్డ ఎన్నారై కథనల్లా వదలకుండా చదివినవాడిగా చెప్తున్నాను: ఆ కిటికీ అంటే విసుగొచ్చేసింది. ఆ మంచన్నా అంతే.

ఈ కోపం మరీ సాహిత్యపరమైందేం కాదు. ఇందులో మొదటి ముద్దాయిని నేనే.

2024 మార్చిలో అమ్మ ఫోన్ చేసి, జూన్‌లో వస్తున్నాం అంది. మేం న్యూజెర్సీలో ఉంటాం. నా భార్యకి అక్టోబర్‌లో డెలివరీ అని చెప్పారు. "జూనెందుకమ్మా, సెప్టెంబర్‌లో రండి, ఆర్నెల్లు ఉండి వెళ్లొచ్చు" అన్నాను. ఫోన్ నాన్న తీసుకున్నాడు. "జూన్ 9న న్యూయార్క్‌లో ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్‌రా. చూసుకుని జూలైలో వెళ్లిపోతాం." మరి డెలివరీ సంగతేంటన్నాను. వెనకనించి అమ్మ గొంతు: "కాన్పుకి మీ అత్తగారొస్తారుగా. బుమ్రా బౌలింగ్ నా బదులు ఎవరు చూస్తారు?"

నా భార్య పకపకా నవ్వింది. నేను రెండ్రోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈలోగా చుట్టాల్లో పొక్కింది. పిన్ని ఫోన్ చేసింది. "ఈ వయసులో ఇదేం పిచ్చిరా వాళ్లకి? కోడలు కడుపుతో ఉంటే ఆటలు చూట్టానికా?" ఈ "ఈ వయసులో" అనే మాటని కాస్త విప్పి చూడండి. ఇదే పిన్ని రెండేళ్ల కిందట మా బాబాయితో చార్‌ధామ్ వెళ్లొచ్చింది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి 16 కిలోమీటర్ల ఎక్కుడు, అదీ మా అమ్మ మోకాళ్లకన్నా అధ్వాన్నమైన మోకాళ్లతో. అప్పుడెవరూ వయసు ఊసెత్తలేదు. పైగా అదృష్టవంతులన్నారు. అంటే పేచీ ఒంటితో కాదు, ఖర్చుతోనూ కాదు. అరవై దాటినవాళ్లు దేవుడి కోసమో పిల్లల కోసమో కదిలితే మనకి అభ్యంతరం లేదు. వాళ్లకి ఇష్టమై కదిలితేనే ఎక్కడో గుచ్చుకుంటుంది.

మన యాత్రా సాహిత్యానికి మొదటి పుస్తకంగా చెప్పుకునే 'కాశీయాత్ర చరిత్ర' తీసి చూడండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరాడు, యాభై ఏళ్ల వయసులో, పరివారంతో సహా. పేరుకి కాశీ. పుస్తకం నిండా మాత్రం దారులు, మజిలీలు, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఏ ఊళ్లో జనం ఎలా ఉంటారు, ఇవీ. ఆయన భక్తుడే, కాదనను. కానీ భక్తి ఒక్కటే అయితే అన్ని వివరాలు అక్కర్లేదు. లోకం చూడాలన్న ఉబలాటం ఆయనకి దండిగా ఉంది, దానికి కాశీ అనే గౌరవనీయమైన కారణం దొరికింది. దాదాపు రెండొందల ఏళ్లయినా మన పెద్దవాళ్లకి ఇంకా ఒక కాశీని అడుగుతూనే ఉన్నాం. ఇప్పుడా కాశీ పేరు కాన్పు.

మా అమ్మానాన్నలది ముసలితనంలో పుట్టుకొచ్చిన సరదా కాదు. పెళ్లయిన ఏడాదికి, 1987 అక్టోబర్ 10న, హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో రిలయన్స్ కప్పు మ్యాచ్ చూశారు. ఆడింది ఇండియా కాదు, న్యూజిలాండ్, జింబాబ్వే. ఎవరికి పట్టింది? వీళ్లకి పట్టింది. న్యూజిలాండ్ 242 కొడితే, జింబాబ్వే చేతులెత్తేసిన దశలో డేవ్ హౌటన్ ఒక్కడూ నిలబడి 142 కొట్టాడు. మార్టిన్ క్రో వెనక్కి పరిగెత్తి పట్టిన క్యాచ్‌కి అవుటయ్యాడు. చివరికి మూడు పరుగుల తేడాతో జింబాబ్వే ఓడింది. మా ఇంట్లో ఆ క్యాచ్‌ని నాన్న తువ్వాలు భుజాన వేసుకునే చేసి చూపిస్తాడు. అమ్మకి మాత్రం హౌటన్ పెవిలియన్‌కి నడిచి వెళ్లడమే గుర్తు. ఆ తర్వాత నేను పుట్టాను, ఇంకో ముప్ఫయ్యేళ్లు వాళ్లు స్టేడియం మొహం చూడలేదు. ఈ చివరి వాక్యాన్ని ఇన్నాళ్లూ నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

జూన్ 9. లాంగ్ ఐలాండ్‌లో, ఐసెన్‌హోవర్ పార్కులో, ఆ టోర్నమెంటు కోసమే నిలబెట్టిన స్టేడియం. 34 వేల మంది పడతారు, నీడ మాత్రం పడదు. వానతో ఆట ఆలస్యమైంది. ఇండియా 19 ఓవర్లలో 119కి ఆలౌట్. నా చుట్టూ ఉన్న కుర్రాళ్లు తిట్టుకుంటూ ఫోన్లలోకి వెళ్లిపోయారు. అమ్మ సంచీలోంచి నోటుబుక్ తీసి, "ఈ పిచ్ మీద 120 కొట్టడం కష్టంరా, చూస్తుండు" అంది. పదిహేనో ఓవర్లో బుమ్రా రిజ్వాన్‌ని బౌల్డ్ చేశాక నేనూ నమ్మాను. పాకిస్తాన్ 113 దగ్గర ఆగింది. బుమ్రాకి 14 పరుగులిచ్చి మూడు వికెట్లు. చివర్లో నసీం షా కన్నీళ్లు పెట్టుకుంటుంటే అమ్మ కూడా ఏడ్చింది. అమెరికాలో మా అమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే, అదీ పాకిస్తాన్ పిల్లాడి కోసం. ఇది మన కథల్లో ఎక్కడ పెడతారో పెట్టండి.

ముసలివాళ్లు ఆట చూడ్డాన్ని లోకం ఒప్పుకోదని అనడంలేదు. ఒప్పుకుంటుంది, ముద్దుచేసి. 2019 ప్రపంచకప్పులో ఎడ్జ్‌బాస్టన్‌లో బూర ఊదిన 87 ఏళ్ల చారులతా పటేల్ గుర్తుందా? కోహ్లీ, రోహిత్ వెళ్లి ఆమె దీవెనలు తీసుకున్నారు. మంచి దృశ్యమే. కానీ ఆ రోజంతా అందరూ ఆమె బోసినవ్వు గురించే మాట్లాడారు. ఆ ఓవర్ గురించి ఆమె ఏమనుకుందో అడగాలని ఎంతమందికి తోచింది? మా అమ్మ దగ్గరికీ ఇద్దరు కుర్రాళ్లు "ఆంటీ, సో క్యూట్" అంటూ సెల్ఫీకొచ్చారు. "అర్ష్‌దీప్ ఆఖరి ఓవర్ ఉంది, పక్కకి జరగండి నాన్నా" అంది.

డబ్బు సంగతి దాటేస్తే మోసం అవుతుంది. నాన్నకి సర్కారు పెన్షన్ ఉంది, టిక్కెట్లకి నేనూ సాయం పట్టాను. ఏ ఆసరా లేని పెద్దవాళ్లు కోట్లమంది ఉన్నప్పుడు ఇదో వ్యాసమా అని అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న ఓణీల ఫంక్షన్‌కి హెలికాప్టర్ తెచ్చినవాణ్ణి అడగం, పెన్షన్ డబ్బుతో మ్యాచ్‌కెళ్లినవాళ్లనే అడుగుతాం. కోల్‌కతా కిదిర్‌పూర్‌లో ఒక జంట ఉండేది. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, ఆమె చీరలమ్మేది. 1982లో స్పెయిన్‌తో మొదలుపెట్టి 2018లో రష్యా దాకా పది ఫుట్‌బాల్ ప్రపంచకప్పులు చూశారు. ఇంట్లో ఖర్చులు బిగించుకుని, నాలుగేళ్లకోసారి. ఇండియా ఒక్కసారి కూడా ఆడని టోర్నమెంటది. ఆ ఇంటిమీద బెంగాలీలో కథలు వచ్చాయో లేదో గానీ, తెలుగులో అలాంటి ఇల్లుంటే మనం ఏం రాసేవాళ్లమో నాకు తెలుసు. పిల్లల్ని పట్టించుకోని తల్లిదండ్రుల కథ రాసేవాళ్లం.

అక్టోబర్‌లో పాప పుట్టింది. అత్తగారొచ్చారు, అంతా సవ్యంగా జరిగింది. ఆవిడ మాత్రం ఓసారి వంటింట్లో నెమ్మదిగా, "మీ అమ్మగారు బాగా చూసుకున్నారు బాబూ మ్యాచీ" అన్నారు. దెప్పుడా, అసూయా? అడగలేదు. తర్వాత మా ఆవిడ చెప్పింది, వాళ్లమ్మకి చిన్నప్పటినుంచీ సముద్రంలో ఓడ ఎక్కాలని ఉందట. కూతురు ఆ సంగతి వినడం అదే మొదటిసారి.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. 2027 వన్డే ప్రపంచకప్పు దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో. హరారేకి హైదరాబాద్ నుంచి విమానాలు ఎలా ఉన్నాయో చూడమన్నాడు. ఇండియా అక్కడ ఆడకపోవచ్చు కదా అన్నాను.

"ఆడకపోతే ఏమైంది?" అన్నాడు.