వెనక సీటు లెక్క

సంగారెడ్డి జిల్లాకు బండ్లు కొత్త కాదు. జహీరాబాద్‌లో ఒకప్పుడు హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్‌తో కలిసి తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు, చిన్న సరుకు బండ్లు తయారవుతున్నాయి. సదాశివపేటలో ఎమ్మారెఫ్ టైర్లు, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి యుద్ధశకటాలు. కందిలోని ఐఐటీలో డ్రైవరే అక్కర్లేని వాహనాలను పరీక్షించే మైదానం 2022లో మొదలైంది. ఇన్ని రకాల చక్రాలు చేసిపెట్టే జిల్లాలో, షిఫ్టు వదిలే వేళ పాశమైలారం వైపు వెళ్లి చూస్తే గేట్లలోంచి బయటికి వచ్చేవి ముఖ్యంగా రెండే: కంపెనీ బస్సులు, బైకులు. మధ్యలో ఒక కారు వస్తే అది మేనేజరుగారిదో, ఆడిటుకు వచ్చినవారిదో అనుకోవడం అలవాటు.

ఆ అలవాటు ఇప్పుడిప్పుడే మారుతోంది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్నవన్నీ ఈ లెక్కలోకి వచ్చాయి. 4 లక్షల 23 వేలున్న ఆల్టో కె10 బేస్ మోడల్ షోరూం ధర ఒక్కసారిగా 3 లక్షల 70 వేలకు వచ్చింది. నెలకు 1,999 రూపాయల కిస్తీ చాలంటూ మారుతీ కంపెనీ బైకున్నవాళ్లనే పేరు పెట్టి పిలిచింది. అంతే, ఇస్నాపూర్, బీరంగూడ, అమీన్‌పూర్ కాలనీల్లో, సంగారెడ్డి పోతిరెడ్డిపల్లి చౌరస్తా చుట్టుపక్కల అద్దె ఇళ్లలో, రాత్రి అన్నాల దగ్గర ఒకే మాట నలుగుతోంది: కొందామా, వద్దా?

ముందు అంకెల సంగతి చూద్దాం. షోరూం ధర వేరు, ఇంటికి తెచ్చుకునే ధర వేరు. తెలంగాణలో ఐదు లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం. అంటే 3 లక్షల 70 వేల కారుకు 48 వేలు అక్కడే పోతాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. మిగతా బీమా, రిజిస్ట్రేషన్ కలిపితే ఆన్‌రోడ్ నాలుగున్నర లక్షల చేరువకు వస్తుంది. చేతిలో లక్షన్నర ఉండి మూడు లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లయితే నెలకు 4,900 రూపాయలు, ఐదేళ్లయితే 6,300. కిస్తీ తగ్గింది కదా అని ఏడేళ్లు పెట్టుకున్నవాళ్లు చివరికి 34 వేలు ఎక్కువ కడతారు. ఇక 1,999 సంగతంటారా, డౌన్ పేమెంట్ ఎంత, ఎన్నేళ్లు, ఆఖర్న మిగిలేది ఎంత అని మూడు ప్రశ్నలు అడిగాకే ఆ అంకె అర్థం తెలిసేది.

ఈ లెక్క పట్టుకుని ఫ్యాక్టరీ ఉద్యోగి కాగితం మీద కూడికలు వేసుకుంటే జవాబు ఒకటే వస్తుంది: వద్దు. పనికి పోవడానికి కంపెనీ బస్సు ఉంది. బస్సు తప్పితే బైకు ఉంది, అది లీటరుకు అరవై ఇస్తే కారు ట్రాఫిక్‌లో ఇరవై ఇవ్వడం కష్టం. ఇంట్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టే లేదు. పైగా నూరు గజాల ఇంటి ముందు, పక్కింటివాళ్ల బోరు బండి వస్తే దారి చాలని గల్లీలో, దాన్ని ఎక్కడ నిలబెట్టాలి? వారంలో ఆరు రోజులు కవరు కప్పుకుని నిలబడే వస్తువుకు నెలకు ఐదారువేలా? పెద్దవాళ్లు అనే మాట సబబుగానే కనిపిస్తుంది: "గంత పైస పెట్టి గుమ్మం ముంగట నిలవెట్టుడెందుకు?"

లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో కొనేవాడు తన ఒక్కడి ప్రయాణాన్నే చూసుకున్నాడు. అక్కడ వచ్చింది చిక్కు.

ఈ ప్రాంతంలో చౌక కారు కొనేది పనికి పోవడానికి కాదు. ఇంట్లో మిగిలినవాళ్ల కోసం. జులై వానలో 65వ నంబరు జాతీయ రహదారి మీద రుద్రారం నుంచి పటాన్‌చెరు దాకా ఒకసారి చూడండి. పుణె నుంచి వచ్చే కంటెయినర్లు, కెమికల్ ట్యాంకర్లు, విస్తరణ పనుల కోసం తవ్విన మట్టి, వీటి మధ్య ఒక బైకు. ముందు ట్యాంకు మీద చిన్నోడు, నాన్న, వెనక పెద్దమ్మాయి, ఆఖర్న అమ్మ, ఆమె ఒళ్లో సంచి. చట్టం ప్రకారం నడిపేవాడు కాక ఒక్కరే ఎక్కాలి. ఆ సంగతి తెలియని ఇల్లు లేదు, వేరే దారి ఉన్న ఇళ్లు మాత్రం తక్కువ. అత్తకు రాత్రి పదకొండుకు ఆయాసం వస్తే అంబులెన్సు వచ్చేలోగా ఆమెను బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక కోడలు పట్టుకుని సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయిన ఇళ్లు ఈ కాలనీల్లో ఎన్నో. దసరాకు నారాయణఖేడ్ వైపు ఊరికి పోవాలంటే బట్టలు, పిల్లలు, తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చే బియ్యం మూట. అవుటర్ రింగ్ రోడ్డుకు ముత్తంగి దగ్గర దారి ఉంది, కానీ దాని మీదికి టూవీలర్లను రానివ్వరు. గచ్చిబౌలిలో పెద్దాస్పత్రికి చూపించుకోవాలంటే లింగంపల్లి రద్దీలోంచే పోవాలి. ఆటో మాట్లాడుకుంటే ఆ రేటు విని రోగి తానే "మల్ల పోదాం తియ్" అంటుంది. ఖర్చు లెక్కలోకి ఎక్కని ఖర్చు అదే: వాయిదా పడ్డ డాక్టరు, మానుకున్న పెళ్లి, చూడకుండానే పోయిన మేనత్త.

కాబట్టి కిలోమీటరుకు ఎంత అని అడగడం కన్నా, వెనక సీట్లో కూర్చునేది ఎవరు అని అడిగితే మేలు. నడవలేని తల్లి ఉందా, నెలనెలా చూపించుకునే జబ్బుందా, ఇద్దరు చిన్న పిల్లలున్నారా, ఊళ్లో పొలం, ముసలి తండ్రి ఉన్నారా. వీటిలో రెండింటికి అవునని వస్తే ఆ ఇంటికి కారు విలాసం కాదు. భార్యాభర్తలిద్దరే ఉండి, ఇద్దరివీ కంపెనీ బస్సు ఉద్యోగాలైతే, ఆ నాలుగున్నర లక్షలు ఇంకో నాలుగేళ్లు బ్యాంకులో ఉన్నా నష్టం లేదు. అవసరమైన రోజున కిరాయి కారు పిలుచుకోవచ్చు.

వెనక సీటును లెక్కలోకి తెచ్చింది రతన్ టాటా. స్కూటరు మీద వానలో తడుస్తూ పోతున్న కుటుంబాన్ని చూసి పుట్టిన ఆలోచన అని ఆయనే చెప్పుకున్నారు. 2008 జనవరి 10న ఢిల్లీలో నానో కారును చూపించారు, మరుసటి ఏడాది మార్చిలో లక్ష రూపాయల ధరతో విడుదల చేశారు. సింగూరులో కట్టిన ఫ్యాక్టరీ గొడవల వల్ల గుజరాత్‌లోని సానంద్‌కు తరలిపోవడం ఒక దెబ్బ. అంతకన్నా పెద్ద దెబ్బ, ప్రపంచంలోకెల్లా చౌక కారు అన్న పేరు. స్కూటరు మీది కుటుంబం కోసం చేసిన కారును స్కూటరు మీది కుటుంబమే వద్దంది. చౌక అని నలుగురికీ తెలిసిన వస్తువును గుమ్మం ముందు పెట్టుకోవడానికి మన మధ్యతరగతికి మనసొప్పలేదు. ఆ ప్రచారం పొరపాటని టాటాగారే తర్వాత ఒప్పుకున్నారు. 2018 జూన్‌లో ఆ ఫ్యాక్టరీలో తయారైంది ఒకే ఒక్క నానో. అంతకు నాలుగేళ్ల ముందే, 2014 జనవరిలో, మారుతీ 800 ఆగిపోయింది. ఆల్టో 800 కూడా 2023లో సెలవు తీసుకుంది. కంపెనీలు పెద్ద బండ్ల వైపు పోయాయని నిందించే ముందు, మనం కూడా అటే చూశామని గుర్తు పెట్టుకోవాలి.

ఆ పెద్ద బండ్ల మోజు సంగతి షోరూం వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. బేస్ మోడల్ చూపించమంటే అది ఎప్పుడూ స్టాకులో ఉండదు. "సార్, ఇంకో నలభై వేలు వేసుకుంటే పవర్ విండోస్ వస్తయ్. ఇంకో యాభై అయితే టచ్ స్క్రీన్. కిస్తీలో ఎనిమిది వందలే ఫరక్." ఆ ఎనిమిది వందల మెట్లు నాలుగెక్కేసరికి నాలుగున్నర లక్షల కారు ఆరున్నర అవుతుంది. తోడుగా వచ్చిన బామ్మర్ది "తీస్కుంటె మంచిదే తీస్కో బావా" అంటాడు. కిస్తీ అతను కట్టడు. మా ఉద్దేశంలో నాలుగున్నర లక్షల కారు కొనడంలో ప్రమాదం లేదు. దాన్ని కొనడానికి పోయి ఆరున్నర లక్షలది కొనుక్కు రావడంలో ఉంది. అద్దం చేత్తో తిప్పుకుంటే అరిగిపోయేదేమీ లేదు. పాటలు ఫోనులో వస్తాయి.

మెట్లెక్కకూడదు అన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది, భద్రత. ఆల్టో కె10కు 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు రెండు స్టార్లే వచ్చాయి, పిల్లల రక్షణకు ఒక్కటీ రాలేదు. 2025లో అన్ని మోడళ్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు, అది మేలే. అయినా తేలికపాటి చిన్న బండి చిన్న బండే. ముంబయి హైవే మీద కంటెయినరు పక్కన అరవై దాటకుండా నడపాల్సిన బండి. రెండు స్టార్ల కారు గొప్పదని ఎవరూ అనరు. నలుగురెక్కిన బైకుకు స్టార్లే లేవన్నది కూడా మరవకూడదు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఏ ఎయిర్‌బ్యాగూ వాళ్లను కాపాడదు. ఇంటి పెద్దలకు ఆ బెల్టు అలవాటు చేయడం, కారు కొనడం కన్నా కష్టమైన పని.

సెకండ్ హ్యాండ్ మాట కూడా అనుకోవాలి. కొత్త కారు విలువ నాలుగేళ్లు దాటేసరికి బీమా కంపెనీ లెక్కలో సగానికి పడిపోతుంది. లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరే కట్టి ఉంటాడు. తెలిసిన మెకానిక్కు, తెలిసిన ఓనరు ఉంటే పాతదే నయం. ఆ రెండూ లేనివాళ్లకు కొత్త బేస్ మోడల్ ఇచ్చే నిశ్చింతకు కొంత ధర కట్టవచ్చు. ఇక కరెంటు కార్లకు తెలంగాణలో 2026 ఆఖరుదాకా లైఫ్ ట్యాక్స్ మాఫీ ఉంది గానీ, వాటి ధర ఇంకా ఈ ఇళ్ల అందుబాటులోకి దిగలేదు.

ఈ ప్రశ్న అసలు రాని ఇళ్లు కూడా ఇదే గల్లీలో ఉన్నాయి. ఒకే లైనులో పక్కపక్కన నిలబడి పనిచేసే ఇద్దరిలో ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు. కాంట్రాక్టరు మారితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ఏడేళ్ల కిస్తీకి సంతకం పెట్టకూడదు, ప్రకటన ఎంత ముద్దుగా పిలిచినా సరే. పర్మినెంటువాళ్లకు కూడా ఒక జాగ్రత్త ఉంది. ఓటీ కలిపి వచ్చే జీతం చూసి కిస్తీ పెట్టుకోవద్దు. ఆర్డర్లు తగ్గిన నెలలో మొదట పోయేది ఓటీయే. బేసిక్‌లోంచి కట్టగలిగిందే కిస్తీ. బోనసుతో డౌన్ పేమెంట్ కట్టి, ఓటీతో పెట్రోలు పోయించుకుంటే ఇంట్లో గొడవ ఉండదు.

ఇందులో ప్రభుత్వానికి సంబంధం లేదనుకుంటే పొరపాటు. మియాపూర్‌కు మెట్రో 2017 నవంబరులో వచ్చింది. అక్కడినుంచి పటాన్‌చెరుకు పదమూడు కిలోమీటర్ల చిల్లర. రెండో దశలో ఆ లైను పేరు ఉంది, పట్టాలు లేవు. ఎంఎంటీఎస్ రామచంద్రాపురం దాకా వచ్చి ఆగింది. ఉచిత బస్సు పగటిపూట నిజంగా పెద్ద ఆసరా. రాత్రి పది దాటాక ఆ ఉచితం ఎక్కడానికి బస్సే ఉండాలిగా. ఇక్కడి కుటుంబం కొనుక్కునే చౌక కారులో కొంత భాగం, రాని రైలుకు అది సొంతంగా కట్టుకుంటున్న టికెట్టే. పన్ను తగ్గించినందుకు సంతోషం. రాత్రి రెండు బస్సులు పెంచి ఉంటే కొన్ని ఇళ్లకు కారు ఆలోచనే వచ్చేది కాదు.

చివరిగా షోరూంలో ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. ఆ కారు నడిపేదెవరు? పూజకు రుద్రారం గణేశ్ గడ్డ దగ్గరికి ఇంటాయన తీసుకుపోతాడు, సరే. ఆయన నైటు షిఫ్టులో ఉన్న వారం అత్తకు మళ్లీ ఆయాసం వస్తే కారు గుమ్మం ముందు, తాళం మేకుకు, ఇంట్లోవాళ్లు అంబులెన్సు కోసం గేటు దగ్గర. ఇంటివాళ్ల కోసమని కొన్న బండిని ఇంటివాళ్లలో ఒకరైనా నడపగలగాలి. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్న ముప్పై రోజులకు పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు, ఆరు నెలల దాకా గడువుంది. డ్రైవింగ్ స్కూలు ఫీజు, షోరూం వాళ్లు తగిలించే సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్ల బిల్లుకు మించదు. ఆ మ్యాట్లు మానేసి ఆ డబ్బుతో ఇంటావిడ పేరు డ్రైవింగ్ స్కూల్లో రాయించండి. కారు బుక్ చేసిన వారంలోనే రాయిస్తే, డెలివరీ అయిన నెలకల్లా ఇంట్లో రెండో డ్రైవరు తయారుగా ఉంటుంది.