ఎదిరించినాడను నెపము

ఖైదీ గదిలోనుండి వెలుపలికి రానన్నాడు. ఎన్నిమార్లు పిలిచినను కదలడు. కోర్టునకు వేళ మించుచున్నది. అప్పుడు జైలు అధికారులేమి చేయవలెను? చూచుటకిది చిన్న ప్రశ్న. కాని తాళము వెనుక ఏకాకియై యున్న మనుష్యునిపై ప్రభుత్వమునకు గల అధికారమునకు హద్దు ఎచ్చటనో ఈ ప్రశ్నవలన తెలిసినంతగా మరి యే పెద్ద ప్రశ్నవలనను తెలియదని మా యభిప్రాయము.

బలవంతముగా బయటకు తీయక తప్పని సందర్భములు కలవని మేమొప్పుకొందుము. గదిలో నిప్పంటుకొన్నప్పుడు, తోటివాని ప్రాణమునకు ముప్పు వచ్చినప్పుడు, తక్షణ వైద్యము కావలసినప్పుడు ఖైదీ యిష్టమునకై వేచియుండుట క్రూరత్వమే యగును. 2015 డిసెంబరు 17న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అంగీకరించిన మండేలా నియమములు సయితము బలప్రయోగమును పూర్తిగా నిషేధింపలేదు. ఆత్మరక్షణకును, పారిపోవువానిని ఆపుటకును, న్యాయమైన ఆజ్ఞను పెనుగులాడి గాని కదలక కూర్చుండి గాని ప్రతిఘటించువానిని లొంగదీయుటకును 82వ నియమము అనుమతి నిచ్చినది. అయితే అవసరమునకు మించి పిసరంతయు బలము కూడదనియు, జరిగినదానిని వెంటనే జైలు ప్రధానాధికారికి నివేదింపవలెననియు ఆ నియమమే శాసించుచున్నది. ఖైదీలతో నేరుగా మెలగు సిబ్బంది సాధారణముగా ఆయుధము ధరింపరాదనుటయు అందున్నదే.

ఇక ప్రతిఘటన యననేమి? నల్లగొండ, పాలమూరు ప్రజలకు ఈ మాట చెవులు చిల్లులు పడునంతగా పరిచితము. 2015 ఏప్రిల్ 7న వరంగల్లు కేంద్ర కారాగారమునుండి హైదరాబాదు కోర్టునకు తీసికొనిపోబడుచున్న అయిదుగురు విచారణ ఖైదీలు నాటి నల్లగొండ జిల్లా ఆలేరు సమీపమున పోలీసు వాహనములోనే కాల్పులకు గురియై మరణించిరి. వారు ఆయుధములు లాగికొనబోయిరని పోలీసులు చెప్పిరి. బేడీలతో ఆసనములపై ఒరిగియున్న దేహముల ఛాయాచిత్రములను దేశమంతయు చూచినది. 2019 డిసెంబరు 6 వేకువను, పూర్వము మహబూబునగరు జిల్లాలోనిదైన షాద్‌నగరు చెంత, చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు నిర్బంధములో నుండగనే కూలిరి. చర్లపల్లి కారాగారమునుండి విచారణకై పోలీసుల వశము చేయబడినవారు వీరు. వారిపై మోపబడిన నేరము ఘోరాతిఘోరము. పోలీసులపై పూలు చల్లిన జనమును నాడు చూచితిమి. తుపాకులు లాగికొని ఎదిరించిరనుటయే నాటి సమాధానమును. సుప్రీముకోర్టు నియమించిన న్యాయమూర్తి సిర్పుర్కర్ సంఘము ఆ కథనమును నమ్మలేదు. చంపు నుద్దేశముతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులను హత్యాభియోగముపై విచారింపవలెననియు 2022లో వెలువడిన నివేదికలో తేల్చినది. తదుపరి వ్యవహారము తెలంగాణ హైకోర్టునకు పంపబడెను.

ఇవి జైలు గదులలో జరిగినవి కావు గదా యని పాఠకులడుగవచ్చును. కావు. రాజమార్గమునను, బయలు నేలపైనను జరిగినవి. అట్టి బయలులో జరిగినదానికి గూడ సంఘము నివేదిక వెలుగు చూచుటకు రెండేండ్లు దాటినది. మరి నాలుగు గోడల నడుమ జరిగినదాని మాట యేమి? 1950 ఫిబ్రవరి 11న సేలము జైలులో అధికారులకు లొంగని కమ్యూనిస్టు ఖైదీలపై జరిగిన కాల్పులలో 22 మంది మరణించిరి. వారికి పారిపోవ దారియే లేదు.

గదినుండి రానన్నవాడు ఎందుకు రానన్నాడో ముందుగా తెలిసికొనవలెను. మన ప్రాంతమున దీనికి రెండు ప్రత్యేక కారణములు కలవు. మొదటిది కల్తీకల్లు. డైజిపామ్, అల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేటు వంటి మందులు కలిపిన కల్లునకు అలవాటుపడిన కూలివాడు జైలుకు రాగానే అది ఒక్కుమ్మడిగా ఆగిపోవును. కొలది దినములలో చేతులు వణకును; నిద్ర దూరమగును; లేని మనుష్యులు కానవత్తురు; మూర్ఛలును రావచ్చును. 2015లో కల్లు దుకాణములపై దాడులు జరిగినప్పుడు మహబూబునగరు జిల్లాలో ఆసుపత్రుల పాలైనవారిని చూచిన యెవ్వరికైనను ఇది తెలియును. అట్టివానికి తలుపు తీసికొని వచ్చు వార్డరు తన్ను చంపవచ్చిన శత్రువువలె తోచును. వానికి కావలసినది వైద్యుడు, లాఠీ కాదు.

రెండవది ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల బావినీరు త్రాగి ఎముకలు బిగిసిన వృద్ధులకు నేడు కృష్ణాజలమందినను వంగిన నడుము తిరిగి లేవదు. అట్టివాని చేతులు వెనుకకు మడచి బేడీలు వేయబోయిన చేయి రాదు. అది ధిక్కారము కాదు, బిగిసిన కీలు. వెన్నులో నరములు ఒత్తుకొనియున్నవానిని బోర్ల పడద్రోసినచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. ఆరోగ్యవంతునికైనను బోర్ల పరుండబెట్టి వీపుపై మోకాలు మోపుట ప్రాణాంతకము. ఊపిరాడక గింజుకొనుటను ప్రతిఘటన యని తలచి మరింత నొక్కుదురు. గింజుకొనుట ఆగినప్పుడు లొంగినాడని తలతురు. ఇట్లు చనిపోయినవారు అనేక దేశములలో కలరు.

సరియైన విధానము రహస్యమేమియు కాదు. మొదట మాట. ఆ మాట ఖైదీ నమ్మినవారిచేత, అతని భాషలో, తెలుగైన తెలుగున, ఉరుదైన ఉరుదున, లంబాడీవానితో లంబాడీలో చెప్పింపవలెను. వైద్యుడు అతని ఆరోగ్యపత్రమును చూడవలెను. సూపరింటెండెంటు వ్రాతపూర్వకముగా ఆజ్ఞ ఇయ్యవలెను. హెచ్చరిక చేసి, ఆలోచించుకొనుటకు వ్యవధి నొసగవలెను. అప్పటికిని తప్పనిచో శిక్షణ పొందిన అయిదారుగురు నిరాయుధులు, ఎవరే చేయి, ఎవరే కాలు పట్టవలెనో ముందే నిర్ణయించుకొని, ఒక్కసారిగా ప్రవేశింపవలెను. వారి నాయకుడు చేయి వేయక చూచుచుండి, ఆపుమన్న తక్షణమే అందరు ఆగవలెను. ఖైదీ అదుపులోనికి వచ్చిన క్షణమే పక్కకు త్రిప్పి కూర్చుండబెట్టి, వైద్యునికి చూపవలెను.

ఇద్దరు వార్డర్లతో నడచు ఉపకారాగారములో అయిదుగురెక్కడనుండి వత్తురని ఆ యుద్యోగులడుగుట న్యాయమే. రాత్రి కాపలాలో వారికి గల భయమును మేము తేలికగా చూడము. కాని ప్రాణాపాయము లేనప్పుడు వేచియుండుటయే తగిన విధానము. వాయిదా తప్పిన మరియొకటి వచ్చును. వీడియో ద్వారా హాజరుపరచుటయు నేడు వాడుకలో నున్నది.

అమెరికా జైళ్లు మనకు ఆదర్శములని మేము చెప్పము. మతి చలించిన ఖైదీలపై అచ్చట మిరియపు మందు చల్లిన చిత్రములను కాలిఫోర్నియా న్యాయస్థానము 2013లో చూడవలసివచ్చినది. విస్కాన్సిన్‌లో దీపమునకు కప్పిన కాగితము తీయనన్న ఒక విచారణ ఖైదీని గదినుండి తీసికొనిపోయి, బేడీలలో నుండగనే విద్యుదాఘాతము కలిగించిరి. ఆ దేశపు సుప్రీముకోర్టు 2015లో నిర్ణయించినదేమన, అధికారి మనసులో నేమున్నదని గాక, చేసిన పని ఆ పరిస్థితిలో యుక్తమా యని చూడవలెననియే. మన సుప్రీముకోర్టును వెనుకబడలేదు. 1977లో కోయిలకుంట్ల ఉపకారాగారపు గదిలో బాంబులకు బలియైన విచారణ ఖైదీ కుటుంబమునకు నష్టపరిహారమీయక సార్వభౌమాధికారము చాటున దాగజూచిన ప్రభుత్వమును 2000లో మందలించి, ఖైదీకి జీవించు హక్కు పోదని చెప్పినది.

కారాగారమున మరణించినచో 24 గంటలలో తెలుపవలెనని జాతీయ మానవహక్కుల సంఘము 1993లోనే ఆదేశించినది. చేయి విరిగి బ్రతికియున్నవాని గోడు అంతదూరము పోదు. కావున తెలంగాణ కారాగారశాఖ వారు ఈ విధానమును తెలుగున, ఉరుదున అచ్చువేసి ప్రతి జైలు గోడపైనను అంటింపవలెను. నల్లగొండ, మహబూబునగరు జిల్లా జైళ్లతో ప్రారంభించినను చాలును. బలప్రయోగము జరిగిన ప్రతిసారియు మరునాటి లోపల జిల్లా న్యాయమూర్తికిని, ఖైదీ యింటివారికిని, వకీలుకును తెలుపవలెను. ఆద్యంతము చిత్రీకరింపవలెను, ఆ చిత్రములో మొదటి దృశ్యము మూసియున్న తలుపు కావలెను. తలుపు తెరచిన పిమ్మట మొదలైన చిత్రమును న్యాయమూర్తులు అనుమానముతోనే చూడవలెను.