అప్పగింత నాటి కాగితం

అమానతు అనగానే మనకు ఇరుగుపొరుగువారు దాచమని ఇచ్చిన నగలో, హజ్ యాత్రకు వెళ్తూ అప్పగించిన ఇంటి తాళాలో గుర్తుకు వస్తాయి. లారీ ఎక్కించి పంపిన కారు కూడా అమానతేనని మేము ఆలస్యంగా గ్రహించాం. గ్రహించేలోపు ఒక నిరపరాధి నలుగురిలో తలదించుకోవలసి వచ్చింది. ఆ పాపంలో మాకూ వాటా ఉంది కనుక ఈ నెల ఆ సంగతే పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఒక కొడుకు హైదరాబాదులో, మరొకడు కువైట్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. కువైట్‌లో వాడిన కారును ఇంటికి తెచ్చుకునే వీలు లేదు. అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దేశంలోకి తెచ్చే పాత కారుకు అది కుడివైపే ఉండాలన్నది నిబంధన. అందుచేత ఇక్కడ కొన్న కారు ఇంటికి చేరడమే మనకు ఎదురయ్యే వ్యవహారం.

మా బంధువుల అబ్బాయి ఒకరికి కువైట్‌లో ఉద్యోగం ఖాయమైంది. హైదరాబాదులో తాను నడుపుతున్న కారును ఉదయగిరిలో ఉన్న తండ్రికి పంపాలనుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో బస్సు ఎక్కలేని ఆ పెద్దాయన ప్రతి నెలా నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రయాణానికి వారం రోజులే గడువు ఉండడంతో, వాహనాలను లారీలలో చేరవేసే ఒక సంస్థకు కారును అప్పగించాడు. లారీ నెల్లూరు వరకే వస్తుందన్నారు. అక్కడి నుండి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాకా సుమారు వంద కిలోమీటర్లు నడిపి తెచ్చేందుకు ఆత్మకూరుకు చెందిన ఒక యువ డ్రైవరును కుదిర్చారు.

ఆ యువకుడు నెల్లూరులో చీకటి పడ్డాక కారు అందుకున్నాడు. రాత్రికి ఆత్మకూరులో ఆ ఇంటి ఆడపడుచు గుమ్మం ముందు నిలిపి, తెల్లవారి ఉదయగిరి చేర్చాడు. పెద్దాయన చుట్టూ తిరిగి చూస్తే వెనుక తలుపు కింద సొట్ట, దాని పక్కన పొడవాటి గీత కనిపించాయి. సంస్థవారికి ఫోన్ చేస్తే, కారు బాగున్నట్టు మీ మనిషే సంతకం చేశాడన్నారు. నిజమే, దీపం వెలుగు లేని చోట, చూడకుండానే అతడు సంతకం పెట్టాడు.

పెద్దలుగా మమ్మల్ని పిలిచారు. "నేను ఎక్కడా తగిలించలేదు చాచా" అని ఆ అబ్బాయి మూడుసార్లు చెప్పాడు. "తెలియక తగిలి ఉంటుంది బేటా, ఒప్పుకుంటే పోతుంది కదా" అన్నది మేమే. అతడు ఇంకేమీ మాట్లాడలేదు. తన కూలి వదులుకుని, మరమ్మతుకని నాలుగు వేలు తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

నలభై రోజుల తరువాత కువైట్ నుండి కొడుకు ఫోన్ చేశాడు. కారు ఎక్కించామని తెలుపుతూ సంస్థ పనివాడు ఆ రోజు పంపిన ఫొటోను అతడు అప్పుడే తెరిచి పెద్దది చేసి చూశాడు. అందులో కారు ఇంకా హైదరాబాదులో లారీ మీదే ఉంది. సొట్ట అప్పటికే పడి ఉంది.

ఆ సాయంత్రమే అందరం ఆత్మకూరు వెళ్లాం. కూలి, నాలుగు వేలు అతడి చేతిలో పెట్టి క్షమాపణ అడిగాం. అతడు మన్నించాడు. అతడి తల్లి మాత్రం, "డబ్బుదేముంది భాయిజాన్, ఈ నలభై రోజులూ నా బిడ్డను ఎవరూ బండి నడపమని పిలవలేదు" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. డబ్బు తిరిగి ఇవ్వగలిగాం. పోయిన నలభై రోజుల పేరును ఎలా ఇవ్వగలం?

ఆలోచిస్తే, ఇక్కడ అబద్ధం చెప్పినవారికన్నా రాసుకోనివారే ఎక్కువ. ఆ కారు మూడు చేతులు మారింది. ఏ చేతికి ఏ స్థితిలో అందిందో ఎక్కడా నమోదు కాలేదు. అలాంటప్పుడు నింద అందరికన్నా బలహీనుడి మీదనే పడుతుంది.

ఐరోపా దేశాలలో ఒక దేశం నుండి మరో దేశానికి కార్లు లారీల మీద నిత్యం వెళ్తుంటాయి. అక్కడి రోడ్డు రవాణాకు 1956లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ఆధారం. దాని ప్రకారం అప్పగింత పత్రం మూడు ప్రతులుగా ఉంటుంది: ఒకటి పంపేవారికి, ఒకటి సరుకుతో పాటు, ఒకటి రవాణాదారుకు. సరుకు పైకి ఎలా కనిపిస్తున్నదో రవాణాదారు చూసుకోవాలి. లోపమేదీ పత్రంలో రాయకపోతే సరుకు బాగున్నట్టే భావిస్తారు. పైకి కనిపించే నష్టాన్ని అందుకునేటప్పుడే చెప్పాలి. కనిపించని దానికి ఏడు రోజుల గడువు.

మనకూ చట్టం లేకపోలేదు. 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో రోడ్డు రవాణా చట్టం వచ్చింది. సరుకు అప్పగించినప్పుడు రవాణాదారు రసీదు ఇవ్వాలి. సరుకు విలువను ముందుగా ప్రకటించకపోతే పరిహారం రవాణా ఛార్జీకి పది రెట్లకే పరిమితం. అంటే పదివేలు ఛార్జీ కట్టి ఐదు లక్షల కారు పంపితే, పూర్తిగా నష్టపోయినా లక్షకు మించి అడగలేం. దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుండి 180 రోజులలోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. మా బంధువులకు ఆ గడువు మిగిలి ఉండబట్టి ఫొటో జతచేసి నోటీసు పంపగలిగారు. మరమ్మతు ఖర్చులో కొంత తిరిగి వచ్చింది.

మన ధర్మవేత్తలు ఈ ప్రశ్నను ఎంతో ముందే చర్చించారు. పలువురి పని చేసిపెట్టే కూలిదారును ఫిఖ్హ్‌లో 'అజీర్ ముష్తరక్' అంటారు. అతడి చేతిలోని వస్తువు అమానతు కనుక, అతడి చర్య వల్లగాని, నిర్లక్ష్యం వల్లగాని పాడైతే తప్ప బాధ్యుడు కాడన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. తప్పించుకోలేని ఆపద వస్తే తప్ప బాధ్యుడేనని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, వస్తువు ఎవరి చేతిలో పాడైందో తెలిస్తేనే తీర్పు సాధ్యం.

కాబట్టి కారు పంపేవారికి మా మనవి ఇది. పగటి వెలుగులో, కారు కడిగించి, నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయండి. కిలోమీటర్ల అంకె, ఇంధనం ఎంత ఉందో రాయించండి. ఉన్న గీతలన్నీ రసీదు మీద ఎక్కించండి. విలువ ప్రకటించండి, బీమా అమలులో ఉందో లేదో చూసుకోండి. లోపల నగలు, పత్రాలు, సామాను ఉంచకండి. అందుకునేవారు చుట్టూ చూసిన తరువాతే సంతకం చేయాలి. లోపముంటే సంతకం పక్కనే రాయాలి. డ్రైవరు చేతికి ఇచ్చేటప్పుడు ఇదే పని మళ్లీ చేయాలి. తెలంగాణలో నమోదైన కారు ఆంధ్రప్రదేశ్‌లో 12 నెలలకు మించి ఉంటే ఇక్కడ మళ్లీ నమోదు చేయించాలి. అందుకు అక్కడి రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి.

"మనవాళ్ల దగ్గర కాగితాలేమిటి, అనుమానించినట్టు ఉంటుంది" అని కొందరు సంకోచిస్తారు. ఉదయగిరి చెక్క చెంచాలను ఊరు దాటించేటప్పుడు లెక్క చూడకుండా పెట్టె కడతామా? దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని రాసుకోవడం గురించే ఉన్నది. రాసుకోవడం విశ్వాసానికి లోటైతే విశ్వాసులకు ఆ ఆదేశం వచ్చేది కాదు.

ఆనాడు ఆ అబ్బాయి చేతిలో ఒక్క కాగితం ఉండి ఉంటే మా నోట ఆ మాట వచ్చేది కాదు. మనం రాయించే కాగితం మన సొత్తునే కాదు, మన దగ్గర పనిచేసేవాడి గౌరవాన్నీ కాపాడుతుంది. అల్లాహ్ మనల్ని తొందరపాటు నిందల నుండి కాపాడుగాక. ఆమీన్.