అవ్వ ప్రార్థనలోని పేర్లు

తెలుగు ఇండ్లలో అవ్వ అన్నను, ఉర్దూ ఇండ్లలో దాదీ, నానీ అన్నను ఇంటికి పెద్దదిక్కు ఆమెయే. మన కళాశాల సంచికలో నాయకులను గూర్చి, కవులను గూర్చి వ్యాసములకు కొదువ లేదు. అవ్వను గూర్చి మాత్రము ఒక్కటియు కనబడదు. ఇది నిష్ఠూరముగా తోచినను చెప్పక తప్పదు.

మా అవ్వ క్రైస్తవురాలు. కుప్పంలో పుట్టి మదనపల్లెకు కోడలిగా వచ్చినది. తొమ్మండుగురు బిడ్డలను కన్నది. పెద్దకూతురిని పుంగనూరికి ఇచ్చినది. ఒక మనుమరాలు మరల కుప్పమే చేరినది. తెల్లవారక మునుపే లేచి, పొయ్యి రాజేయకయే మోకరించి, బిడ్డలను, 31 మంది మనుమలను, మనుమరాండ్రను పేరుపేరున తలచి ప్రార్థించెడిది. ఎవరికి జ్వరము, ఎవరికి పరీక్ష, ఎవరు అలిగి ఇంటికి రాకున్నారు, అంతయు ఆ వరుసలోనే యుండెడిది. చివర ప్రక్కింటి సాయిబుగారి పిల్లల పేర్లు. ఆ ఇంటినుండి రంజానుకు సేమియా వచ్చెడిది, మా ఇంటినుండి క్రిస్మసుకు కజ్జికాయలు పోయెడివి. ప్రార్థన ఎప్పుడు ముగియును, కాఫీ ఎప్పుడు వచ్చును అను విసుగే గాని మాకు అప్పుడు మరేమియు తోచలేదు.

ఆమె గతించిన పిదప సంస్మరణ కూటమునాడు మేమందరము చేరి ఆ వరుసను చెప్పబోయితిమి. ఎవరికిని పూర్తిగా రాలేదు. శైశవమున పోయిన ఇద్దరు బిడ్డల పేర్లను ఆమె నిత్యము తలచెడిది. వానిలో ఒకటి ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. ఆమె తల్లి పేరు మాలో ఎవరును ఎరుగరు. సమాధి రాతిపై తాతగారి పేరు పెద్ద అక్షరములతో నున్నది, దాని క్రింద ఆయన భార్య అని యున్నది.

ఇది మా ఒక్క ఇంటి మాట కాదు. 1863లో మదనపల్లెకు వచ్చిన ఆర్కాటు మిషను కథను చూడుడు. దానిని 1853లో స్థాపించినవారు స్కడ్డర్ సోదరులు. వారి తండ్రి డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో అమెరికానుండి బయలుదేరి సింహళమునకు, పిదప మద్రాసునకు వచ్చిన వైద్యుడు. ఆయన కుమారులలో ఏడుగురు మిషను సేవలో చేరిరి. మనుమరాలు ఐడా స్కడ్డర్. 1890లో తిండివనమున ఒకే రాత్రి ముగ్గురు పురుషులు తమ భార్యల ప్రసవమునకై ఆమెను పిలువవచ్చిరి. వారిలో ఒకరు ముస్లిము. ఆమె వైద్యురాలు కాదు. తండ్రి వైద్యుడే యైనను పురుషుని చూడనిచ్చుటకు వారు సమ్మతింపలేదు. ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఐడా వైద్యము చదివివచ్చి వేలూరులో ఆసుపత్రిని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను నెలకొల్పినది. నేటికిని కుప్పంలో కాట్పాడికి రైలెక్కువారిలో ఎందరో ఆ ఆసుపత్రికి పోవువారే.

ఆ ఏడుగురిని కన్నతల్లి, ఐడాకు నాయనమ్మ, హారియెట్ పేరు మనలో ఎందరికి తెలియును? పసిబిడ్డలను పోగొట్టుకొని, మిగిలినవారిని పెంచి, 1849లో మద్రాసులో కన్నుమూసినది. మిషను ఏర్పడుటను ఆమె చూడలేదు. మనుమరాలు పుట్టినది 1870లో. అంతటి పేరుగల వంశమునందే అవ్వ మరుగున పడినప్పుడు మన ఇండ్ల సంగతి చెప్పవలయునా?

ఇంటి ముచ్చటలు కళాశాల సంచికకు తగవని కొందరనవచ్చును. మా మట్టుకు మాకు అవి తగుననియే తోచుచున్నది. ఏటేటా ఉర్దూ భాగమున నాలుగు, తెలుగు భాగమున నాలుగు పుటలు ఇందులకై విడువవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము. విద్యార్థి మిత్రులారా, మతమేదైనను, వేసవి సెలవులలో నోటుపుస్తకముతో మీ అవ్వ ప్రక్కన కూర్చుండుడు. ఆమె తల్లి పేరు, పుట్టినయూరు, పోయిన బిడ్డల పేర్లు అడిగి వ్రాసికొనుడు.

మా అవ్వ చెల్లెలు కుప్పంలో నున్నది. తొంబది దాటినవి, చెవులు సరిగా వినబడవు. ఈ సెలవులలో మేము అక్కడికే పోవుచున్నాము.