ముల్లుకి ముల్లే పేరు

మొన్న లంచ్ టైములో మా టీములో ఒకాయన పెద్ద తీర్పు ఇచ్చేశాడు. "ఇంగ్లీషులో థార్న్, స్పైన్, ప్రికిల్, క్విల్ అని నాలుగున్నాయి. మనకి అన్నిటికీ ఒకటే ముల్లు. ఈ భాషలో సైన్సు ఎలా చెప్తారండీ?" చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. నాకు ఒళ్ళు మండింది గానీ, అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది. ఇదిగో.

వృక్షశాస్త్రంలో నిమ్మముల్లు థార్న్, అంటే ముల్లుగా మారిన కొమ్మ. బ్రహ్మజెముడుది స్పైన్, ముల్లుగా మారిన ఆకు. గులాబీది ప్రికిల్, పైతోలు మీద పొడుచుకొచ్చినది. బాగానే ఉంది. మరి ఇంగ్లీషువాడు ఇంట్లో గులాబీ ముల్లుని ఏమంటాడు? థార్న్ అనే! వాడుకలో ఉన్న మాటలకే శాస్త్రజ్ఞులు గిరి గీసి పెట్టుకున్నారు, అంతే. మనం గీసుకోకపోతే అది భాష తప్పా, మన బద్ధకమా?

ఇంకోటి. "ముళ్ళపంది" అంటే నాటుగా ఉంటుందట, "పోర్క్యుపైన్" అంటే శాస్త్రీయమట. అయ్యా, లాటిన్లో పోర్కుస్ అంటే పంది, స్పీనా అంటే ముల్లు. వాళ్ళదీ ముళ్ళపందే! పైగా మనకి "ఏదు" అని ఇంకో పేరు కూడా ఉంది.

అసలు మనకి మాటల్లేవా? తేలుకి కొండి, బెండకాయకి నూగు, కాకరకాయకి బుడిపెలు. మా అమ్మమ్మ వీటిలో ఒక్కదాన్ని కూడా ముల్లు అనలేదు.

ఇటు పండితులేమో "కంటకం" అంటారు. కంటకమన్నా ముల్లే కదండీ! పిల్లలకి బట్టీ పట్టడానికి ఒక మాట పెరిగింది, తేడా మాత్రం తెలియలేదు.

కొమ్మముల్లు, ఆకుముల్లు, తోలుముల్లు అంటే ఏం పోయింది? ఏదుపందివి గట్టిపడిన వెంట్రుకలే కాబట్టి వెంట్రుకముల్లు. గులాబీ ముల్లు పక్కకి నొక్కితే పుటుక్కున ఊడొస్తుంది, నిమ్మముల్లు రాదు. ఎందుకని మా అమ్మాయి అడిగింది. "అది తోలుముల్లు, ఇది కొమ్మముల్లు" అన్నాను. "ఓహో, అయితే దీన్ని విరవాలన్నమాట" అంది. పాఠం అయిపోయింది.

వేరియబుల్‌కి అర్థమయ్యే పేరు పెట్టలేదని జూనియర్లని రోజూ చంపుకు తింటాం. సొంత భాష దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఏ ముల్లుని ఏమంటారో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు ఉండగానే అడగండి.