ఇదేం బొమ్మ?

పుదుచ్చేరికి బదిలీ అయి వచ్చినప్పుడు పెద్దకాలువకు పడమటి వైపు ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు దొరికాయి. తాళంచెవి చేతికిస్తూ ఇంటామె పెట్టిన షరతు ఒక్కటే. "గోడలకు మేకులు మాత్రం కొట్టొద్దు టీచరమ్మా." మాకిది కొత్త కాదు. పదకొండేళ్లలో ఇది అయిదో ఊరు. బళ్లారి అయినా, ఖరగ్‌పూర్ అయినా, క్వార్టర్స్ అయినా, అద్దె ఇల్లయినా గోడ మనది కాదు. అందుకే ఇన్నేళ్లుగా మా గోడల మీద ఒక క్యాలెండరు, ఒక గడియారం తప్ప మరేమీ లేవు. అవి కూడా మాకంటే ముందున్నవాళ్లు కొట్టి వదిలేసిన మేకులకు వేలాడినవే.

ఈ ఏడాది మా పాప ఒక ఉపాయం కనిపెట్టింది. సామాను పెట్టె నుంచి ఊడదీసిన ప్లైవుడ్ పలకకు తెల్లకాగితం అంటించి బల్ల మీద గోడకు ఆనించింది. చార్టు కాగితాలను ఎరుపు, పసుపు, నీలం ముక్కలుగా కత్తిరించి దాని మీద గుండుసూదులతో గుచ్చింది. రోజూ ఒక ముక్క జరుపుతుంది. వేసవికి వచ్చిన అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని చూసి అడిగారు. "ఇదేం బొమ్మే?"

"నువ్వు పొద్దున వేసిన ముగ్గు ఏం బొమ్మ నానమ్మా?" అంది పాప.

"అది బొమ్మెందుకవుతుంది? ముగ్గు" అన్నారావిడ.

మాకు ఈ సంభాషణ చాలా రోజులు బుర్రలో తిరిగింది. అత్తయ్యగారు పదిహేను చుక్కలు పెట్టి, ఎనిమిది వచ్చేవరకు సందుచుక్కలు పెట్టి, వాటి చుట్టూ తెగకుండా మెలిక తిప్పగల మనిషి. మా వీధిలోని తమిళ ఇల్లాళ్లు కూడా అంతే. పొద్దున్నే ఒక్కొక్క వాకిలి ముందు ఒక్కొక్క గణితం. అక్కడ ఎవరూ ఆగి "ఇది పువ్వా, పక్షా?" అని అడగరు. గీత సరిగ్గా వచ్చి కలిసిందా లేదా అని చూస్తారు. అదే పని గోడ మీద రంగులతో చేస్తే మాత్రం అర్థం చెప్పమంటారు. గడప దాటగానే మన కన్ను ఎందుకు మారిపోతుంది?

మా అభిప్రాయం ఇది. రంగు, రేఖ తప్ప మరే కథా లేని చిత్రాలు మన ఇళ్ల గోడల మీద ఉండాలి. ముఖ్యంగా మనలా ఊళ్లు మారేవాళ్ల ఇళ్లలో ఉండాలి. అవి అర్థం కావాలని పట్టుబట్టకూడదు.

ఇటువంటి గోడల మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు పీట్ మాండ్రియన్. 1872లో హాలండ్‌లో పుట్టాడు. చెట్లు, ఇసుకదిబ్బలు, గాలిమరలు గీస్తూ గీస్తూ, చివరికి నల్లని అడ్డు నిలువు గీతలు, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మాత్రమే మిగుల్చుకున్నాడు. పారిస్‌లో ఆయన ఉన్నది అద్దె గది. దాని గోడల మీద రంగు అట్టముక్కలు గుచ్చి, వాటిని అటూ ఇటూ జరుపుతూ ఉండేవాడట. యుద్ధభయంతో 1938లో లండన్ చేరాడు. 1940లో న్యూయార్క్ వెళ్లాడు. ఎక్కడికి వెళ్లినా ముందు గోడలకు తెల్లరంగు, తర్వాత ఆ ముక్కలు. 1944లో ఆయన పోయాక న్యూయార్క్ గదిని జనం చూడటానికి తెరిచి ఉంచారు. మా పాపకు ఈ సంగతి చెబితే "ఆయనకీ ట్రాన్స్‌ఫర్లేనా?" అంది. దాదాపు అంతే.

ముగ్గుకూ ఆయన బొమ్మకూ ఒక తేడా ఉంది. రెండూ ఒకటే అని చెప్పి తప్పించుకోలేం. ముగ్గు సౌష్ఠవం మీద నిలుస్తుంది. మధ్యలో మడిస్తే రెండు సగాలూ అతుక్కుంటాయి. మాండ్రియన్ సరిగ్గా దాన్నే తప్పించుకుంటాడు. 1930లో వేసిన ఎరుపు, నీలం, పసుపు చిత్రాన్ని చూడండి. పై కుడివైపు దాదాపు చిత్రమంతా ఆక్రమించిన ఎర్ర చతురస్రం, కింద ఎడమ మూలలో చిన్న నీలం, కుడి మూలలో వేలెడంత పసుపు. బొటనవేలితో నీలాన్ని మూసి చూస్తే ఎరుపు ఒరిగిపోయినట్టుంటుంది. వేలు తీస్తే మళ్లీ నిలబడుతుంది. త్రాసులో ఒకవైపు గుమ్మడికాయ, రెండోవైపు కుంకుమభరిణె పెట్టి తూకం నిలబెట్టడం లాంటిది ఇది. ఏడో తరగతి పిల్లల చేత ఈ వేలి పరీక్ష చేయించాం. అరగంట సేపు తరగతి గదిలో అల్లరి లేదు.

ఈ కళను ఎక్కడ పెట్టాలన్నది మొదటినుంచీ పెద్ద ప్రశ్నే. 1915 చివర రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో కజిమీర్ మాలెవిచ్ తెల్లని నేల మీద ఒక్క నల్లని చతురస్రం గీసి, దాన్ని రెండు గోడలు కలిసే మూలలో పైకప్పుకు దగ్గరగా తగిలించాడు. రష్యన్ ఇళ్లలో అది దేవుడి పటం ఉండే మూల. మన ఈశాన్యం మూలలాంటిదన్నమాట. చూసినవాళ్లు మండిపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఆయన చేసింది సబబేనా అన్న వాదంలోకి మేం దిగం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బొమ్మ విలువ అది వేలాడే చోటును బట్టి మారుతుందని ఆయనకు బాగా తెలుసు. మన ఇళ్లలో మాత్రం బొమ్మను సోఫా రంగును బట్టి కొంటున్నారు. కర్టెన్లకు నప్పే "మోడరన్ ఆర్ట్" మూడు ముక్కల సెట్టు ఆన్‌లైన్లో వస్తుంది. అంతకంటే పాత క్యాలెండరే నయం, తేదీ అయినా చెబుతుంది.

ఇదంతా విదేశీ వ్యవహారమని కొందరు సహోద్యోగులు అన్నారు. మాండ్రియన్ 1909లో తన దేశంలోని దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. ఆ సమాజం ప్రపంచ కేంద్రం మన పక్కనే, మద్రాసు అడయారులో ఉంది. 1922 డిసెంబరులో కలకత్తాలో కాండిన్‌స్కీ, పాల్ క్లే చిత్రాలు ప్రదర్శించారు. మన గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో చదివి, లండన్ వెళ్లి, నైరూప్య చిత్రకారుడిగానే పేరు తెచ్చుకున్నారు. ఎస్.హెచ్. రజా కథ ఉపాధ్యాయులందరం గుర్తుపెట్టుకోవలసింది. మధ్యప్రదేశ్‌లోని పల్లెటూరి బడిలో నిలకడ లేని ఆ పిల్లవాణ్ణి మాస్టారు కూర్చోబెట్టి, గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తుండమన్నారు. ఆ చుక్కే దశాబ్దాల తర్వాత ఆయన "బిందు" చిత్రాలై వచ్చింది. చుక్క పెట్టిన మాస్టారు "ఇదేం బొమ్మో చెప్పు" అని అడగలేదు.

ఇక పుదుచ్చేరి సంగతి. 1693 నుంచి 1699 దాకా ఈ ఊరు డచ్చివాళ్ల చేతిలో ఉంది. ఈ గళ్లగళ్ల వీధుల నక్షా వాళ్ల కాలానిదే. మాండ్రియన్ పూర్వీకులు ఇక్కడ ముందే ఒక బొమ్మ గీసి వెళ్లారని పిల్లలతో సరదాగా అంటుంటాం. తెల్ల అంచుల పసుపు గోడల మధ్య సాయంత్రం నడిస్తే ఆ సరదా మరీ అబద్ధంగా అనిపించదు. ఇక్కడి శ్రీ అరవిందాశ్రమ వసతి భవనం "గోల్కొండ" పేరు తెలుగువాళ్లు ఎంతమందికి తెలుసు? ఆంటొనిన్ రేమండ్ 1930ల్లో గీసిన నక్షా అది. హైదరాబాదు దివాను అక్బర్ హైదరీ ద్వారా నిజాం విరాళం అందడంతో ఆ పేరు పెట్టారు. ముఖభాగమంతా వరుసగా అడ్డంగా కాంక్రీటు పలకలు. ఎండ, గాలి, వానలను బట్టి వాటిని తెరుస్తారు, మూస్తారు. ఒక్క శిల్పం, ఒక్క లత లేదు. అయినా వీధిలో నిలబడి చూస్తే కళ్లకు చల్లగా ఉంటుంది.

ఇంట్లో పెట్టుకోదలిచినవాళ్లకు మా అనుభవం. సముద్రపు గాలికి ఇక్కడ అద్దం చట్రాల లోపల బూజు పడుతుంది. పటాన్ని గోడకు పూర్తిగా ఆనించకుండా వెనుక నాలుగు సీసామూతలు అంటిస్తే గాలి ఆడుతుంది. నేరుగా ఎండ పడితే పిల్లల పోస్టర్ రంగులు, అందులోనూ ఎరుపు, త్వరగా వెలిసిపోతాయి. కూర్చుని చూసే గదిలో కూర్చున్నవాళ్ల కంటికి సరిగ్గా పెట్టండి, పిల్లలకు కూడా అందుతుంది. ఒకే గోడ మీద పది పెట్టకండి. ఒకటి పెట్టి నెలకోసారి మార్చండి. ముగ్గునయితే రోజూ మారుస్తున్నాం కదా.

ఇంతా రాయడానికి కారణం వేరే ఉంది. రెండు బదిలీల కిందట, పత్రికలో పిల్లల పేజీకి బొమ్మలు ఎంచే పని మాకప్పగించారు. ఆరో తరగతి అబ్బాయి ఒకడు కాగితం నిండా రంగు గళ్లు వేసి తెచ్చాడు. "ఇదేం బొమ్మ?" అన్నాం. "ఏమీ కాదు మేడమ్, ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో చూశాను" అన్నాడు. బొమ్మ వేసి తీసుకురమ్మని పంపించాం. మర్నాడు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు వేసి తెచ్చాడు. అది అచ్చయింది. కింద వాడి పేరుంది. గళ్ల కాగితం ఏమైందో మేం అడగలేదు. ఆ ఏడే వాళ్ల నాన్నగారికీ బదిలీ అయింది.

వచ్చే సంచికకు మళ్లీ బొమ్మలు ఎంచుతున్నాం. గళ్లు, చుక్కలు, గీతలు, ఒట్టి రంగులు ఏవైనా పంపవచ్చు. కాండిన్‌స్కీ ఒక సాయంత్రం తన గదిలో పక్కకు ఒరిగి ఉన్న తన బొమ్మనే పోల్చుకోలేక, ఎంత బాగుందో అని నిలబడిపోయాడట. అచ్చులో మాకు ఆ ఇబ్బంది రాకుండా, ఏ వైపు పైన ఉండాలో వెనకాల పెన్సిలుతో బాణం గుర్తు వేసి ఇవ్వండి.